వేలాడే ఫైలు

“మాటకు పుట్టుకే ప్రాణం. పుట్టుక తెలియని మాటను పలకడం ఊరూ పేరూ అడగకుండా అల్లుణ్ణి తెచ్చుకోవడం వంటిది. కనుక నేటి నుంచి ఈ కార్యాలయంలో పుట్టుక తెలియని ఇంగ్లీషు మాట ఏ ఒక్కరి నోటి నుంచీ వెలువడరాదు.”

ఒక సోమవారం ఉదయం మా నీటి సరఫరా కార్యాలయం నోటీసు బోర్డు మీద ఈ ఉత్తర్వు వెలిసింది. కింద మా మేనేజరుగారి సంతకం, సంతకం పక్కన గుండ్రటి ముద్ర ఉన్నాయి. ఆ ముద్రలో ఉన్నవన్నీ ఇంగ్లీషు మాటలే కాబట్టి ఉత్తర్వును అందరికంటే ముందు ఉల్లంఘించింది ఉత్తర్వే.

మా మేనేజరుగారు పండితుడేమీ కారు. అంతవరకు ఆయన శ్రద్ధగా చదివిన పుస్తకాలు సెలవుల నిబంధనలు, ప్రయాణ భత్యాల నిబంధనలు మాత్రమే. అటువంటి మనిషికి రాత్రికి రాత్రే భాష మీద ఇంత ప్రేమ పుట్టడానికి కారణం మా పైపుల ఇంజనీరుగారు. పైపుల్లో లీకులు ఆపడం ఆయన ఉద్యోగం. పైపుల సంగతి ఎలా ఉన్నా ఏ కబురూ ఆయన కడుపులో నిలవదు కనుక అందరం ఆయన్ని లీకేజీగారు అంటాం. ఆయన కూడా ఆ పేరుకు పలుకుతారు.

ఆ లీకేజీగారు పక్క ఊరి శాఖ నుంచి ఒక వార్త మోసుకొచ్చారు. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారు అక్కడ తనిఖీకి వెళ్లి, ఒక ఫైలు చేతిలోకి తీసుకుని, అక్కడి మేనేజరును ఒకే ఒక ప్రశ్న అడిగారట. “పెండింగ్, పెండింగ్ అంటారు. అసలీ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందయ్యా?” అని. ఆ మేనేజరు నీళ్లు నమిలాడు. నీటి సరఫరా శాఖలో అది మామూలే. కానీ సాయంత్రానికల్లా ఆయనకు బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చింది.

“అంటే భాషాభిమాని అన్నమాట,” అన్నారు మా మేనేజరుగారు నెమ్మదిగా.

“మామూలు అభిమాని కాదండీ,” అన్నారు లీకేజీగారు. “మాట పుట్టుక చెప్పలేనివాడు మనిషే కాదంటారట.”

ఈ రెండో వాక్యం పక్క ఊరి నుంచి వచ్చింది కాదు. దారిలో ఊరింది. కానీ మా మేనేజరుగారు ఆ సమయంలో ప్రధాన కార్యాలయంలో ఖాళీగా ఉన్న ఒక పెద్ద కుర్చీ మీద కన్నేసి ఉన్నారు. డైరెక్టరుగారు మా ఊరికి వచ్చేది ఆ నెలాఖరున. మా మేనేజరుగారు అదే రోజు వెళ్లి ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే దిండంత పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు.

అక్కడి నుంచి మా కార్యాలయం దశ తిరిగింది. పొద్దున్నే హాజరు కాగానే మేనేజరుగారు మమ్మల్ని నిలబెట్టి మాటలు వడ్డించేవారు. ఇంగ్లీషువాళ్లు కండను మజిల్ అంటారు కదా, ఆ మాటకు లాటిన్ భాషలో చిట్టెలుక అని అర్థమట. జబ్బ బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టు ఉంటుందట. ఆ పూట మగవాళ్లందరం చొక్కా చేతులు పైకి మడిచి ఎలుకల కోసం వెతుక్కున్నాం. ఎవరి దగ్గరా దొరకలేదు. పాత కాగితాల గదిలో మాత్రం దొరికాయి.

విండో అంటే గాలి కన్నట. ఫైలంటే దారమట, వెనకటికి కాగితాలు దారానికి గుచ్చేవారు కనుక. టేబుల్ అంటే చెక్కపలక. బ్యూరో అంటే బల్ల మీద పరిచే ముతక గుడ్డ. ఉత్తర్వు గట్టిది కాబట్టి మేము అసలు అర్థాలతోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. “తమ్ముడూ, ఆ దారం పలక మీద పెట్టి గాలి కన్ను కాస్త మూసెయ్యి,” అనేది మా టైపిస్టు అక్క నాతో. పని మీద వచ్చిన ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడి ఈ మాటలు కాసేపు విని, దర్జీ కొట్టులోకి వచ్చాననుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

క్లర్కు అనే మాట మతగురువు అనే మాట నుంచి వచ్చిందని తెలిసిన రోజు నుంచి మా క్లర్కులు జనం వైపు కళ్లు సగమే తెరిచి చూడసాగారు. నేనూ క్లర్కునే కనుక ఆ సుఖం నాకూ తెలుసు. ఆఫీసు అనే మాటకు మూలార్థం పని చేయడం అని కూడా ఆ పుస్తకంలో ఉంది. అది అచ్చుతప్పు అయి ఉంటుందని మేమందరం ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం.

లీకేజీగారికి చదివే ఓపిక లేదు. ఆయన సొంతంగా పుట్టించేవారు. వాల్వు అనే మాట వాల్వరాజు అనే పూర్వపు రాజుగారి పేరు మీదుగా వచ్చిందని ఒకరోజు గంభీరంగా సెలవిచ్చారు. అటువంటి రాజు ఏ దేశంలోనూ పుట్టలేదు. కానీ మేనేజరుగారు కళ్లు మూసుకుని ఆ పేరు ఒకటికి రెండుసార్లు పలికి చూసి, వింటుంటే నిజంలాగే ఉంది, ఉండనివ్వండి అన్నారు. మేనేజర్ అనే మాటకు మూలం ఇటలీలో గుర్రాలను అదుపులో పెట్టడం అని, పుస్తకం తెరిచిన ఒకే ఒక్కసారి, కనిపెట్టింది కూడా లీకేజీగారే. అయితే మేమెవరం అని ఆయన అమాయకంగా అడిగిన తర్వాత ఆ పేజీ మళ్లీ ఎవరూ తెరవలేదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. మా టైపిస్టు అక్క పనితీరు గురించి మేనేజరుగారు ఏటా పైకి రాసే రహస్య నివేదికలో “వెరీ నైస్” అని రాస్తూ వచ్చారు. రహస్యం కనుక అందరికీ తెలుసు. నైస్ అనే మాటకు పుట్టినప్పుడు ఏమీ తెలియని మొద్దు అని అర్థం ఉండేదని అక్క ఆ దిండు పుస్తకంలోనే చదివింది. చదివి నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది. ఇన్నేళ్ల నుంచి నన్ను మహా మొద్దు అని రాస్తున్నారా అని అడిగింది. మేనేజరుగారు ఒక రోజంతా ఆలోచించి, పొగడ్తకు ఇప్పటి అర్థమూ తిట్టుకు పుట్టినప్పటి అర్థమూ తీసుకోవాలని తీర్పు చెప్పారు. అక్క ఆ తీర్పు కోసమే కాచుకుని ఉన్నట్టుంది. కిందటి నెలలో తన సెలవు చీటీ మీద మేనేజరుగారు “సిల్లీ” అని రాసి తిప్పి పంపారనీ, ఆ మాటకు పుట్టినప్పుడు ధన్యజీవి అని అర్థమనీ గుర్తు చేసింది. ధన్యజీవికి సెలవు లేదనడం బాగుండదు కనుక ఆయన సంతకం పెట్టారు.

ఇన్ని మాటలు పుట్టినా ఆ నెలలో మా కార్యాలయం నుంచి ఒక్క కుళాయి పుట్టలేదు.

మా కార్యాలయానికి నాలుగు గుమ్మాల అవతల ఒక లాండ్రీ ఉంది. దాన్ని నడిపే ఆవిడను వీధి వీధంతా పిన్నిగారు అంటుంది. భర్త ఇస్త్రీ చేస్తాడు, ఆవిడ ఉతుకుతుంది. పెద్ద పైపు ఆవిడ గుమ్మం ముందు నుంచే పోతున్నా ఆవిడ కొట్లోకి కుళాయి లేదు. రోజూ డబ్బాలతో నీళ్లు కొనుక్కుంటుంది. ఒక హోటలువాళ్లు దుప్పట్లన్నీ ఆవిడకే ఇస్తామన్నారట, కానీ కుళాయి మంజూరైన కాగితం చూపిస్తేనే, అదీ ఈ నెలాఖరులోగా అన్నారట. దరఖాస్తులో లోపం ఏమీ లేదు. కొలతలు అయ్యాయి, రుసుము కట్టింది. మేనేజరుగారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆవిడ వచ్చినప్పుడల్లా మేనేజరుగారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి లాండ్రీ అనే మాటకు లాటిన్‌లో కడగడం అని అర్థమని చెప్పేవారు. మంచిదండీ, దేంతో కడగాలో కూడా ఆ పుస్తకంలో రాశారా అని ఆవిడ అడిగింది. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం గట్టిగానే నిలదీసింది.

“మీ దరఖాస్తు పెండింగ్‌లో ఉందమ్మా,” అన్నారు మేనేజరుగారు. “పెండింగ్ అంటే లాటిన్‌లో వేలాడటం.”

“వేలాడుతున్నది దరఖాస్తు కాదండీ, నేను,” అంది పిన్నిగారు. “సంతకానికి అడ్డమేమిటో చెప్పండి, పోనీ.”

అడ్డమేమీ లేదు. అసలు సంగతి ఏమిటంటే డైరెక్టరుగారు వచ్చినప్పుడు పెండింగ్ అనే మాటను సోదాహరణంగా వివరించడానికి మేనేజరుగారికి ఒక పెండింగ్ ఫైలు కావాలి. మా దగ్గర వాటికి కరువు లేదు. కానీ మిగతావన్నీ బూజు పట్టి చినిగి ఉన్నాయి. పిన్నిగారి ఫైలు ఒక్కటే అన్ని విధాలా సక్రమంగా, చూడముచ్చటగా ఉంది. ఆ పాపానికి దాన్ని ఒక ఎర్ర దారంతో కట్టి తన కుర్చీ వెనక గోడకు మేకు కొట్టించి వేలాడదీశారు. ఫ్యాను తిరిగినప్పుడల్లా అది అటూ ఇటూ ఊగేది. తనిఖీ అయ్యాక సంతకం పెడతానని ఆవిడకు మాటిచ్చారు. తనిఖీ జరిగేది నెలలో చిట్టచివరి రోజు.

ఆ రోజు రానే వచ్చింది. డైరెక్టరుగారి కారు వచ్చేసరికి బాగా ఎండెక్కింది. భారీ మనిషి. దారిలో ఎక్కడో ఆగి ఏదో తిన్నారట. కారు దిగినప్పటి నుంచి ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది. అది అధికార దర్పమనుకున్నాం.

మేనేజరుగారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. డైరెక్టరుగారు అది సగంలో ఆపించి నేరుగా గదిలోకి వెళ్లారు. గోడ మీద ఊగుతున్న ఫైలు చూసి, ఏమిటది అన్నారు. పెండింగ్ ఫైలు సార్ అన్నారు మా మేనేజరుగారు, ముఖమంతా వెలిగిపోతూ. అట్లా వేలాడదీశారేం అని ఆయన అడిగారు. తమరికి తెలియనిదేముంది సార్ అని ఈయన మెలికలు తిరిగారు. డైరెక్టరుగారు మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. ఒక ఇంటికి పోబోయి పక్కింట్లో భోజనానికి కూర్చున్నవాడి చూపు అది. అంతలో ఆయన ముఖం రంగు మారింది. నుదుటి మీద చెమట పట్టింది.

“టాయిలెట్ ఎక్కడ?” అన్నారు.

మేనేజరుగారికి పరీక్ష మొదలైందని అర్థమైంది. ఒక అడుగు ముందుకు వేసి చేతులు కట్టుకున్నారు.

“ఫ్రాన్సులో సార్,” అన్నారు. “ఆ భాషలో చిన్న గుడ్డముక్క అని అర్థం. అలంకరణ బల్ల మీద పరిచేవారు. తరవాత అలంకరణనే ఆ పేరుతో పిలిచారు, ఆ తరవాత అలంకరించుకునే గదిని...”

“ఎక్కడయ్యా అంటున్నాను.”

“మొదట ఫ్రాన్సు సార్. అక్కణ్ణుంచి ఇంగ్లండు.”

డైరెక్టరుగారికి అంత దూరం వెళ్లే వ్యవధి లేదు. టైపిస్టు అక్క జాలిపడి వరండా చివరకు వేలు చూపించింది. ఆయన ఆ శరీరంతో అంత వేగంగా వెళ్లగలరని ఎవరమూ అనుకోలేదు. తలుపు పడింది, గడియ పడింది.

ఇక్కడ మా కార్యాలయం గురించి పాఠకులకు ఒక వివరం చెప్పాలి. ఊరంతటికీ నీళ్లిచ్చే మా కార్యాలయంలో నీళ్లు రావు. మా గోడలో పైపు ఎప్పుడో పగిలింది. దాన్ని బాగు చేయించాలంటే వినియోగదారు ఫిర్యాదు ఇవ్వాలి. మేము వినియోగదారులం కాము, సరఫరాదారులం. కనుక అవసరం పడితే ఎదుటి టీ కొట్టుకు వెళ్లి వస్తాం. అలవాటైపోవడం వల్ల ఆ సంగతి తనిఖీ ఏర్పాట్లలో ఎవరికీ తట్టలేదు.

కాసేపటికి లోపలి నుంచి కుళాయి తిప్పిన కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత మగ్గు ఖాళీ బకెట్టుకు తగిలిన చప్పుడు. తర్వాత డైరెక్టరుగారి గొంతు, చాలా నెమ్మదిగా, “నీళ్లు,” అంది. ఎవరూ కదలకపోయేసరికి, “వాటర్,” అని గట్టిగా వినిపించింది.

మేనేజరుగారు తలుపుకు దగ్గరగా జరిగారు. “వాటరూ వోడ్కా అక్కచెల్లెళ్లు సార్,” అన్నారు వినయంగా. “వోడ్కా అంటే రష్యా భాషలో చిట్టి నీళ్లు. విస్కీ కూడా ఆ వంశమే సార్, పుట్టినింట్లో దాని పేరుకు ప్రాణజలం అని...”

ఆ తర్వాత లోపలి నుంచి వచ్చిన మాటలు అచ్చ తెలుగువి. వాటి పుట్టుక ఎవరూ అడగలేదు.

లీకేజీగారు వీధిలోకి పరుగు తీశారు. టీ కొట్టు ఆ రోజు మూసి ఉంది. మిగిలింది లాండ్రీ. ఆయన అక్కడ ఏం చెప్పారో గానీ, వెళ్లిన కాసేపటికి నిండు బకెట్టుతో పిన్నిగారే వచ్చింది. వెనకాల వీధిలో సగం మంది వచ్చారు. లీకేజీగారు కదా చెప్పింది. ఆవిడ బకెట్టు తలుపు ముందు దించి, దాని పక్కనే స్థిమితంగా పీట వేసుకున్నట్టు కూర్చుంది. మేనేజరుగారు బకెట్టు మీద చెయ్యి వేయబోతే ఆ చెయ్యి పక్కకు తోసేసింది.

“అయ్యా,” అంది తలుపుతో. “నేను లాండ్రీ నడుపుతాను. ఈ నీళ్లు కొనుక్కున్నవి. లోపల గోడకు ఊగుతున్న కాగితాలు నావే. వాటి మీద ఒక్క సంతకం కావాలి.”

“బయటికొచ్చాక పెడతానమ్మా.”

“తనిఖీ అయ్యాక పెడతామని వీళ్లూ అన్నారండీ. నాకు గడువు ఇవాళ్టితో సరి.”

తలుపు వెనక పెద్ద నిట్టూర్పు వినిపించింది. నిట్టూర్పు తర్వాత, “కలం ఉందా?” అని వినిపించింది.

ఎర్ర దారం తెంచి ఫైలు తెచ్చింది టైపిస్టు అక్క. తలుపు కిందుగా కాగితం లోపలికి వెళ్లింది, వెనకే కలం వెళ్లింది. ఎదురుచూసినంత సేపు వరండాలో ఎవరూ ఊపిరి తీయలేదు. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కాగితం బయటికి వచ్చింది. మా శాఖ చరిత్రలో అంత వేగంగా మంజూరైన కుళాయి మరొకటి లేదు. పిన్నిగారు సంతకం తిప్పి తిప్పి చూసి, ముద్ర కూడా వేయాలేమో అంది. ముద్ర నేనే వేశాను. అప్పుడు తలుపు జానెడు తెరుచుకుంది, బకెట్టు లోపలికి వెళ్లింది.

డైరెక్టరుగారు బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా గదిలోకి నడిచి కూర్చున్నారు. మేము గోడ వెంట వరుసగా నిలబడ్డాం. అసలు ఈ మాటల పుట్టుక పిచ్చి మీకెవరు ఎక్కించారని ఆయన అడిగారు. మేనేజరుగారు పక్క ఊళ్లో తమరు పెండింగ్ అనే మాట ఎక్కడ పుట్టిందని అడిగారట కదా సార్ అన్నారు.

“కోపమొచ్చి తిట్టానయ్యా,” అన్నారు డైరెక్టరుగారు. “అడగలేదు.”

ఫ్యాను తిరుగుతూనే ఉంది. గోడ మీద ఊగడానికి ఏమీ లేదు. డైరెక్టరుగారు నన్ను పిలిచి తనిఖీ నివేదిక రాసుకోమన్నారు. ఈ కార్యాలయంలో నీటి చుక్క లేదనీ, ఇందుకు బాధ్యులైన వారందరినీ తక్షణం పనిలోంచి తొలగించాలనీ చెప్పసాగారు. రెండో వాక్యం మధ్యలో ఆగిపోయారు. నా వంక చూశారు. నీళ్లు లేవని మీకెట్లా తెలిసిందని పైవాళ్లు అడుగుతారు కదా అన్నారు. అడుగుతారు సార్ అన్నాను. ఎప్పుడు తెలిసిందని కూడా అడుగుతారేమో అన్నారు. అది తప్పకుండా అడుగుతారు సార్ అన్నాను. ఆయన కిటికీలోంచి వీధి వైపు చూశారు. వీధి కూడా ఆయన వైపే చూస్తోంది.

ఆ కాగితం చింపి కొత్తది తీసుకోమన్నారు. నేను రాసిన నివేదిక ఇది: “ఈ కార్యాలయంలో భాషాసేవ ధారాళంగా ప్రవహిస్తోంది. ఇక్కడి మేనేజరు చేస్తున్న కృషి తక్కిన శాఖలకు ఆదర్శం. వీరి సేవలు ప్రధాన కార్యాలయానికి అత్యవసరం.”

మా మేనేజరుగారికి ఆ పెద్ద కుర్చీ దక్కింది. భాషాభిమాని అన్న పేరు డైరెక్టరుగారికి అంతకంటే గట్టిగా దక్కింది. మొదట్లో ఆయన ఆ పేరు వింటే కాస్త ఇబ్బందిపడేవారు. పోను పోను సభలకు పిలిచారు, శాలువాలు కప్పారు. ఒక సభకు నేనూ వెళ్లాను. చిన్నప్పటి నుంచీ తనకు మాట పుట్టుక తెలుసుకోకుండా గుక్కెడు నీళ్లు కూడా అడిగే అలవాటు లేదని ఆయన గద్గద స్వరంతో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా పాత మేనేజరుగారు కళ్లు తుడుచుకున్నారు.

పిన్నిగారి కుళాయి తనిఖీ మర్నాడే పడింది. హోటలు దుప్పట్లు తెల్లటి వరసలుగా ఆవిడ డాబా మీద ఎగురుతున్నాయి. మేమంతా ఇప్పుడు టీ కొట్టు మానేసి బకెట్లతో అక్కడికే వెళుతున్నాం. ఆవిడ కాదనదు. ఉతికిన నీళ్లు వద్దనుకుంటే కాస్త ఆగాలంటుంది, అంతే.

కొత్తగా వచ్చిన మేనేజరుగారు కుర్రాడు, ఉత్సాహవంతుడు. మన కార్యాలయానికి మనమే కుళాయి కోసం దరఖాస్తు పెట్టుకుందాం అన్నారు. అందరం ఔరా అనుకున్నాం. దరఖాస్తు మేమే రాశాం, మేమే స్వీకరించాం, రసీదు మేమే ఇచ్చుకున్నాం. నిబంధన ప్రకారం స్థల పరిశీలనకు లీకేజీగారిని నియమించారు. ఆయన కొలత టేపు చంకన పెట్టుకుని బయటికి వెళ్లి, నిర్ణీత సమయానికి మా గుమ్మం ముందు నిలబడి, మర్యాదగా తలుపు తట్టారట. ఎవరూ పలకలేదు. ఆ సమయానికి మేమందరం పిన్నిగారి కొట్లో నీళ్లు పట్టుకుంటున్నాం.

“దరఖాస్తుదారులు స్థలంలో లేరు. తలుపు తాళం వేసి ఉంది,” అని ఆయన రాసి దరఖాస్తు తిరస్కరించారు. తాళం వేసింది ఆయనే. చివరగా బయటికి వచ్చినవారు తాళం వేయాలని నిబంధన. తాళంచెవి జేబులో ఉండగా తెరుచుకుని లోపలికి వెళ్లవచ్చు కదా అని కొత్త మేనేజరుగారు అడిగితే, పరిశీలనకు వెళ్లిన అధికారి ఎదుటివారి తాళం తీయకూడదని లీకేజీగారు శాంతంగా జవాబిచ్చారు.